డీజిల్ వాసన తెలియని రోజు

పోయిన వానాకాలం బాపు పోయాడు. ఆయన పనికి వేసుకునే చొక్కా, ప్యాంటు వంటింటి తలుపు వెనక మేకుకు అలాగే ఉండిపోయాయి. ఉతకడానికి అమ్మకు చేతులు రాలేదు, తీసేయడానికి నాకు మనసు రాలేదు. వాన జల్లు లోపలికి కొడుతుందని తలుపు వేసినప్పుడల్లా ఆ వాసన గది నిండా పరుచుకునేది. డీజిలు, గ్రీజు, బట్టల సబ్బు, వాటన్నిటి అడుగున బీడీ. చిన్నప్పుడు నాకు బాపు అంటే ఆ వాసనే. మునిసిపాలిటీ తెలుగు బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకుని, నీ యూనిఫాం లారీ కంపు కొడుతోందని అంటే నాకు కోపం వచ్చేది కాదు. పాపం వీళ్ళ నాన్నకు ఏ వాసనా ఉండదు కాబోలు అనుకునేదాన్ని.

మా ఊరు జగిత్యాల అవతల. నేను పుట్టి పెరిగింది మాత్రం సూరత్‌లోనే, బమ్రోలిలో. పెళ్ళికి ముందే బాపు మగ్గాల పనికి ఇక్కడికి వచ్చాడట. పాండేసరా కార్ఖానాలో ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ. ఆ మగ్గాల మోత మధ్య నిలబడి నిలబడి వయసు మీద పడకముందే ఆయన చెవులు సగం పోయాయి. ఆ పని వదిలి డీజిలు పంపులు బాగుచేసే ఒక గుజరాతీ ముసలాయన దగ్గర చేరి, పని పట్టుబడ్డాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. మా ఇంట్లో అందరం గట్టిగానే మాట్లాడతాం. నా పెళ్ళయినప్పటి నుంచీ, ఎందుకలా అరుస్తావని నా భర్త అడుగుతూనే ఉంటాడు. బాపుతో మాట్లాడాలంటే ఎడమ వైపు చేరి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాలి, లేదా ఎదురుగా నిలబడి ఆయన మన పెదవులు చూసేటట్టు చెప్పాలి. ఆయన కూడా తన మాట మనకు వినబడదేమోనన్నట్టు మొహం మీదికి వంగి మాట్లాడేవాడు. మా ఇంట్లో ఒకరి ఊపిరి ఒకరికి తగలడం కొత్త సంగతేం కాదు.

చెవులు పోయినందుకేమో ఆయన ముక్కు మాత్రం చురుకు. పాలు కాచకముందే గిన్నె దగ్గర వంగి, ఇవి విరుగుతాయి, టీ పెట్టకు అనేవాడు. అమ్మ వినకుండా పెట్టేది, విరిగేవి. షెడ్డులో కూడా అంతే. పొద్దున పూట స్టార్ట్ కాక మొరాయించే లారీ ఏదైనా వస్తే మిగతా మెకానిక్కులు ఇంజను మీద మూత ఎత్తి చెవి పెట్టి వినేవాళ్ళు. బాపు వెనక్కి వెళ్ళి సైలెన్సర్ దగ్గర నిలబడి, సెల్ఫ్ కొట్టమని డ్రైవరుకు చెయ్యి ఊపేవాడు. ఇంజను తిరుగుతున్నా పొగే రాలేదంటే దానికి డీజిలు అందడం లేదు. తెల్లటి పొగ వచ్చి పచ్చి డీజిలు ఘాటు కొట్టిందంటే అందుతోంది కాని మండడం లేదు. ఆ ఒక్క ముక్క తేలితే సగం పని అయినట్టే. తరువాత ట్యాంకు అడుగు నుంచి కొంచెం డీజిలు గాజు సీసాలో పట్టి, ఎండకు ఎత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. కిరసనాయిలు కలిపారా, నీళ్ళు చేరాయా, ఎన్నాళ్ళు నిలవ ఉంది, అన్నీ దానితోనే చెప్పేవాడు. ఏడ బీమారి లేదో ముందుగాల తెలుసుకోవాలె బిడ్డా, గప్పుడు ఏడ ఉన్నదో గదే చెప్తది అని నాతో అంటుండేవాడు. ఇంజను పాడైనా ఆయనకు అది బీమారే, జబ్బే. సాయంత్రం ఇంటికొచ్చి సబ్బుపొడిలో చక్కెర కలిపి మోచేతుల దాకా రుద్దుకునేవాడు. రేషన్ చక్కెరంతా మోరీ పాలు చేస్తున్నాడని అమ్మ సణిగేది.

లాక్‌డౌన్ పెట్టినప్పుడు నేను పన్నెండో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా గోడలు కొద్దిగా వణుకుతూనే ఉండేవి. వెనక సందులో మగ్గాలు పగలూ రాత్రీ ఆడేవి కదా. ఆ వేసవిలో అవి ఆగిపోయాయి. మోత లేక నిద్ర పట్టడం లేదని పక్కింటివాళ్ళు అనేవాళ్ళు. బాపు మాత్రం అప్పుడప్పుడు గోడకు అరచెయ్యి ఆనించి చూసేవాడు. వినబడని మనిషికి మగ్గం ఆడుతోందని తెలిసే దారి అదొక్కటే. చెయ్యి తీసి గడప మీద కూర్చునేవాడు. సందులో అందరిదీ ఒకటే మాట, ఊరికి పోవాలి. పనిలేదు, గది కిరాయి ఆగదు, మధ్యాహ్నం ఎవరో పంచే కిచిడీ కోసం వరసలో నిలబడాలి. రైలు దొరికినవాళ్ళు పోయారు. దొరకనివాళ్ళు ఆశ చంపుకోలేక మూటలు విప్పకుండానే కూర్చున్నారు. కొందరు నడిచి పోతామని బయలుదేరి, పోలీసులు తిప్పి పంపితే వెనక్కి వచ్చారు.

అప్పుడు లింగం కాక మాట వచ్చింది. ఆయనది మా ఊరి పక్క ఊరు. కాక అంటే గుజరాతీలోనూ చిన్నాన్నే కాబట్టి సందులో అందరికీ ఆయన కాకే. సలాబత్‌పురా మార్కెట్ నుంచి బట్టల బేళ్ళు తోలే లారీ నడిపేవాడు. బక్కపల్చటి మనిషి, నోరు ఒక్క నిమిషం ఊరుకోదు. లాక్‌డౌన్ మొదలయిన రోజు నుంచీ ఆయన లారీ పాండేసరా అవతల ఒక గోడ పక్కన నిలిచిపోయింది, ఆయన దాంట్లోనే పడుకుంటున్నాడు. లారీ తీసుకుని నీ ఊరికి పో, మార్కెట్ తెరిచాక వద్దువులే అని లారీ సేఠ్ ఫోనులో చెప్పాడట. సందులోని కుటుంబాలు కొన్ని ఆయనతో పోవడానికి మాట్లాడుకుని, తిరిగి తిరిగి అనుమతి కాగితాలు కూడా సంపాదించుకున్నాయి. ఇంతా చేస్తే లారీ స్టార్ట్ కావడం లేదు. ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా తిరుగుతుంది, దగ్గుతుంది, ఒక్కోసారి అంటుకుని కాసేపు ఆడి ఆరిపోతుంది. చివరికి నలుగురు తోసి, స్టార్ట్ చేసి, ఆగుతూ ఆగుతూ బాపు షెడ్డు దాకా తెచ్చారు.

ఆ రోజులకు బాపుకు కొద్దిగా జలుబు చేసి ఉంది. ఎండాకాలంలో జలుబేమిటని అమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చింది. ఒక్క గుటకలో తాగేసి, నీళ్ళ లెక్క ఉన్నది అన్నాడు. మిరియాలు తక్కువయ్యాయేమోనని అమ్మ మర్నాడు ఇంకా వేసింది. జ్వరం లేదు, దగ్గు లేదు. టీవీలో దగ్గూ జ్వరమూ చూసుకోమన్నారు కాబట్టి మేం అవే చూసుకున్నాం.

పొద్దున టీ ఇచ్చి రమ్మని అమ్మ నన్ను షెడ్డుకు పంపింది. ఇంట్లో తోచక నేను అక్కడే ఉండిపోయాను. బాపు సైలెన్సర్ దగ్గర నిలబడ్డాడు, కాక సెల్ఫ్ కొట్టాడు. పొగ రాలేదు. డీజిలు అందడం లేదన్నమాట. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడితే డీజిలుతో పాటు సబ్బు నురగలాగా బుడగలు వచ్చాయి. ట్యాంకుకూ పంపుకూ మధ్య ఎక్కడో గాలి దూరుతోందని, లాక్కునే వైపు సందు ఉంటే గాలి లోపలికి పోతుందే తప్ప డీజిలు బయటికి కారదని, అందుకే కంటికి కనబడదని బాపు కాక చెవిలో చెప్పాడు. చెవిలో చెప్పాల్సింది కాకకు కాదు, కాని బాపుకు అలవాటు. జాయింట్ల దగ్గర రాగి వాషర్లు అరిగి ఉన్నాయి. కొత్తవి కొందామంటే దుకాణాలు తెరిచి లేవు. వాటిని నా చేతికిచ్చి ఇంటికి పంపితే అమ్మ గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి నీళ్ళలో వేసింది. అలా కాలిస్తే రాగి మెత్తబడి మళ్ళీ సందు మూస్తుంది. అవి బిగించాక లారీ స్టార్టయింది. కాక మొహం వెలిగింది. కాసేపటికి ఇంజను నీరసంగా ఊగి ఆగిపోయింది.

బాపు గాబరా పడలేదు. ట్యాంకు పైపు తీసేసి, శుభ్రమైన డీజిలు ఉన్న డబ్బా ఒకటి పంపుకు నేరుగా తగిలించి స్టార్ట్ చేయించాడు. ఇంజను ఆగకుండా ఆడింది. పంపు బాగుంది, ఇంజను బాగుంది. ఇక బీమారి ట్యాంకు వైపే. సీసాలో ట్యాంకు డీజిలు పట్టి ఎండకు ఎత్తి చూశాడు. అడుగున నీళ్ళు మెరుస్తున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. సీసా నా వైపు చాచాడు.

"జర వాసన చూడు బిడ్డా."

చూశాను. డీజిలు ఘాటు కింద ఏదో కుళ్ళిన కంపు, మూసేసిన నీళ్ళ తొట్టి తెరిచినట్టు. మురిగిన వాసన బాపూ అన్నాను. గట్లనా అన్నాడు. సీసా వైపు చూస్తూ నిలబడి, కాక అటు తిరిగాక నా దగ్గరికి వంగాడు.

"నాకేం తెలుస్తలేదు. నిన్నటి సంది. అమ్మకు చెప్పకు, పరేషాన్ అయితది."

నేను చెప్పలేదు. వాసన తెలియకపోవడం ఒక జబ్బు గుర్తని అప్పటికి మా సందులో ఎవరికీ తెలియదు. బాపుకు అది సిగ్గుగా ఉండింది, అంతే. చెవులు ముందే పోయాయి, ముక్కు కూడా పోయిందని తెలిస్తే రేపు తన దగ్గరికి లారీ ఎవడు తెస్తాడని. నాకు మాత్రం లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది. బాపు తన ముక్కు పని నాకు అప్పగించాడని.

ఆ తరువాత జరిగింది చిన్న పని. ట్యాంకు నుంచి వచ్చే పైపులో అడ్డం ఉందో లేదో చూడాలంటే ఇవతలి కొస నోట్లో పెట్టుకుని ఊదాలి. దారి ఉంటే ట్యాంకులో గుడగుడమని బుడగల చప్పుడు వస్తుంది. బాపు మాస్కు గడ్డం కిందికి లాక్కుని ఊదాడు. చప్పుడు ఆయనకు వినబడదు కాబట్టి కాక ట్యాంకుకు చెవి ఆనించి కూర్చున్నాడు. చప్పుడు రాలేదు. బాపు మొహం ఎర్రబడేదాకా ఊదాడు. కాక లేచి వచ్చి, నువ్వు దమ్ము తీసుకో అన్నా, నేను చూస్త అని ఆయన చేతిలోంచి పైపు అందుకుని, తుడవకుండానే నోట్లో పెట్టుకుని ఊదాడు. ఊదితే రాకపోయేసరికి పీల్చాడు. నల్లటి జిగురు ముద్ద ఒకటి డీజిలుతో పాటు నోట్లోకి వచ్చింది. ఉమ్మి, నోరు పుక్కిలించి, సూరత్ నాకు పెట్టిన ఆఖరు మిఠాయి ఇదే అని నవ్వాడు. బాపు కూడా నవ్వాడు. ఆ జిగురు చూస్తేనే సంగతి తెలిసిపోయింది. నిలవున్న ట్యాంకులో నీళ్ళు చేరి, డీజిలుకూ నీళ్ళకూ మధ్య పాచి పెరిగి, అడుగునున్న జల్లెడ మూసుకుపోయింది. ట్యాంకు దించి కడిగి, జల్లెడ తోమి, షెడ్డులో మిగిలిన ఫిల్టర్లు వేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి, సాయంత్రానికి లారీ తయారు చేశారు.

మర్నాడు పొద్దున సందంతా బయటికి వచ్చింది. గిన్నెలు, కుక్కర్లు, ఒక కుట్టుమిషను, చాపలు, పిల్లలు. కాక తాళం తిప్పగానే మొదటి దెబ్బకే ఇంజను అంటుకుంది. తెల్లపొగ ఒక్కసారి వచ్చి ఆగిపోయింది. మీరు గూడ రాండ్రి, జాగ చేస్త అని కాక అడిగాడు. షెడ్డు వదిలి రానని బాపు అన్నాడు. దసరాకు కలుద్దామని కాక, లారీ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూ బాపు. ఆ రోజు ఇంటికి వచ్చి ఆయన అన్నం తిన్న తీరు నాకు గుర్తుంది. మంచి పని చేసిన మనిషి ఎలా తింటాడో అలా తిన్నాడు. తరువాత తరువాత, ఆ తృప్తే తనను ఎక్కువ కాలుస్తోందని ఒకసారి అన్నాడు.

వాళ్ళు ధూళే మీదుగా, నాందేడ్ మీదుగా ఊరు చేరారు. ఊరి బయట బడిలో అందరినీ ఉంచారు. అక్కడే కాకకు జ్వరం వచ్చింది. ఊపిరి ఆడడం లేదంటే పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. అక్కడే పోయాడు. మొహం కూడా చూపించలేదట. లారీలో పోయిన మా సందు మనిషి ఫోను చేసి చెప్పాడు. బాపు చెవిలో నేనే చెప్పాను. ఆయన నా పెదవుల వైపు తిరిగి, మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. అప్పుడు అందరిలాగే ఏడ్చాడు. ఒక మంచి మనిషి పోయినందుకు, అంతే. ఇంకేమీ లేదు దాంట్లో.

కొంతకాలం గడిచాక ఒక మధ్యాహ్నం టీవీలో చెప్పారు, వాసన, రుచి తెలియకపోవడం కూడా ఆ జబ్బు లక్షణమేనని. ఆయనకు మాటలు వినబడవు కాని కింద అక్షరాలు పోతుంటాయి కదా. గుజరాతీ అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. అమ్మ ఏమిటని అడిగింది. ఆ సాయంత్రం బాపే అమ్మకు మొత్తం చెప్పాడు. సీసా సంగతి, పైపు సంగతి.

సంగతి తెలిసినవాళ్ళందరూ ఓదారుస్తూ ఒకే మాట అన్నారు. నీకు తెలిసి చేశావా అని. లారీలో అంతమంది ఎక్కారు, దారిలో ఎన్నిచోట్ల దిగారు, ఎవరి దగ్గర అంటిందో దేవుడికి తెలియాలి అని. నువ్వు ఆ లారీ బాగుచేయకపోతే ఆ పిల్లలంతా ఏమయ్యేవాళ్ళని అమ్మ అంది. బాపు ఎవరితోనూ వాదించేవాడు కాదు. అంతా విని, పైపు అనేవాడు. ఏడ బీమారి లేదో ముందుగాల తెలుసుకోవాలని జీవితమంతా చెప్పిన మనిషి, తన విషయంలో మాత్రం ఇంకెక్కడా వెతకలేదు. నాకూ నా వాటా ఉంది. నేను ఆ సీసా మాట అమ్మతో అని ఉంటే, ఆమె ఆయనను ఇంట్లో పడుకోబెట్టేదేమో. లారీ ఇంకొకరు బాగుచేసేవాళ్ళేమో. ఈ మాట ఒకసారి బాపుతో అన్నాను. నీది తప్పు కాదు, నువ్వు నా మాట విన్నవు అన్నాడు. ఆయనకు అందరూ చెప్పిన మాటే అది, ఆయనలో ఎంత దిగిందో నాలోనూ అంతే దిగింది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున పొయ్యి మీద పాలు పొంగి మాడాయి. అమ్మా నేనూ పెరట్లో ఉన్నాం. గడప మీద కూర్చున్న బాపు చటుక్కున తల వంటింటి వైపు తిప్పడం నేను చూశాను. ముక్కు తిరిగొచ్చింది. ఎవరికైనా అది సంతోషం. బాపు లేచి చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. ఎప్పటికో తిరిగి వచ్చాక కూడా, వాసన తెలుస్తోందని మాతో అనలేదు. తనది తనకు తిరిగొచ్చింది, లింగం ఊపిరి రాలేదు, ఆ మాట పైకి అనడానికి ఆయనకు నోరు రాలేదు. అమ్మకు తెలుసు, నాకు తెలుసు.

రైళ్ళు మామూలుగా తిరగడం మొదలయ్యాక ఊరికి పోదామన్నాడు. నన్ను తోడు రమ్మన్నాడు. మంచిర్యాలలో దిగి బస్సు పట్టుకుని కాక ఇంటికి పోయాం. రెండు గదుల ఇల్లు. కాక భార్య సత్తవ్వ చిన్నమ్మ వాకిట్లో మక్కలు ఎండబోస్తోంది. మమ్మల్ని చూసి ఏడ్చింది, నీళ్ళిచ్చింది, కూర్చోబెట్టింది. నీ చేతి పనే ఆయనను ఇంటిదాకా తెచ్చింది బావా, గదొక్కటే నాకు తృప్తి అంది. ఆ మాటతో బాపు ఇక ఆగలేకపోయాడు. చెప్పడం మొదలుపెట్టాడు. ముక్కు సంగతి, పైపు సంగతి, తుడవకుండా ఇచ్చిన సంగతి. తన గొంతు తనకు వినబడదు కాబట్టి చాలా గట్టిగా చెబుతున్నాడు. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తున్నారు.

"నా రోగమే లింగానికి అంటింది సత్తవ్వా. నేనే ఇచ్చిన."

ఆమె మక్కల మీద చెయ్యి అలాగే ఆపి విన్నది. తరువాత లేచి వచ్చి, బాపు ఎదురుగా, ఆయనకు పెదవులు కనబడేటట్టు కూర్చుంది.

"గీ ముచ్చట నాకెందుకు చెప్తున్నవు బావా? ఇన్ని దినాలు నా కోపం గా రోగం మీద ఉండె. ఇగ నీ మీద పెట్టుకోవాల్నా? నీ బరువు దించుకునేతందుకు నా నెత్తి మీద పెడుతున్నవా?"

అరవలేదు, శపించలేదు. లోపలికి పోయి టీ పెట్టి తెచ్చింది. పోయేటప్పుడు దారిలో తినమని కాల్చిన మక్కకంకులు గుడ్డలో కట్టి ఇచ్చింది. రైల్లో నేను తిన్నాను. బాపు ముట్టలేదు. క్షమించమని అడగడానికి పోయాననుకున్నాడు ఆయన. తిట్లు తినడానికి కూడా సిద్ధపడే పోయాడు. తను చెప్పడమే ఆమెకు ఇంకో దెబ్బ అవుతుందని మాత్రం ఆయనకు తట్టలేదు. వెళ్ళేటప్పుడు ఒక్క తప్పు మోసుకు పోయాం, వచ్చేటప్పుడు రెండు మోసుకొచ్చాం.

తరువాత మళ్ళీ షెడ్డు తెరిచాడు. పని మానలేదు. పైపు ఊదడానికి, నొక్కితే గాలి కొట్టే రబ్బరు బుడ్డి ఒకటి కొనుక్కొచ్చి పెట్టాడు. ఏ డ్రైవరైనా అలవాటుగా పైపు నోటి దగ్గరికి తీసుకుపోతే చేతి మీద కొట్టి లాక్కునేవాడు. ఎందుకో ఎవరికీ చెప్పేవాడు కాదు, చాదస్తం అనుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ షెడ్డు ఒక కుర్రాడు నడుపుతున్నాడు. కొత్త లారీలకు ల్యాప్‌టాప్ తగిలిస్తే ఏ భాగం పాడైందో అదే రాసి చూపిస్తుంది. వాసన చూసే పని లేదు, ఊదే పని లేదు, ఒకరి నోటిది ఒకరు పెట్టుకునే పని అసలే లేదు. మంచిదే. మాస్కుల సంగతి అందరూ మరిచిపోయారు. నేను చదువు చెప్పే బడిలో పిల్లలకు ఆ వేసవి ఒక కథ. మా వెనక మగ్గాలు ఎప్పటిలాగే ఆడుతున్నాయి. బాపు, కాక లాంటి ఆ మనుషులు ఒకరి కోసం ఒకరు ఎంత దగ్గరగా వంగేవాళ్ళో తలుచుకుంటే, ఆ దగ్గరితనం గొప్పదని మురిసిపోవాలో, దానివల్లే కదా ఒక మనిషి పోయాడని భయపడాలో ఇప్పటికీ నాకు తేలదు.

బాపు పోయిన సంగతి సత్తవ్వ చిన్నమ్మకు ఫోనులో చెప్పాను. వస్తుందనుకోలేదు. దశదినం అయిపోయి చుట్టాలందరూ వెళ్ళిపోయాక, తమ్ముణ్ణి తోడు తీసుకుని వచ్చింది. అమ్మ పక్కన చాలాసేపు కూర్చుంది. ఆయన చివరిదాకా అదే మోశాడని అమ్మ అంది, ఎవరినీ తప్పుపట్టకుండానే. నేను గా దినం గంత మాట అనకుంటే బాగుండునేమో అని చిన్నమ్మ అంది. తరువాత చిన్నమ్మ నా వైపు తిరిగింది.

"గా దినం నువ్వు ఆడ్నే ఉన్నవు కదా బిడ్డా. మా ఆయన ఎట్లుండె? పైపు ముచ్చట వద్దు. గది బావ చెప్పిండు. మిగిలింది చెప్పు."

ఆ రోజు గురించి మా ఇంట్లో ఇన్నేళ్ళు మాట్లాడుకున్నాం, కాని ఎప్పుడూ పైపు దగ్గరే ఆగిపోయేవాళ్ళం. దానికి ముందూ వెనకా లింగం కాక ఒక రోజంతా బతికి ఉన్నాడన్న సంగతే మాకు గుర్తు లేకుండా పోయింది. నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాను. ఆకుపచ్చ చొక్కా వేసుకున్నాడని, పై గుండీ లేదని. ట్యాంకు ఆరేలోపు మా కుళాయి దగ్గర తల స్నానం చేశాడని. ఊరికి పోయాక ఇంటి వెనక గోడ ఎత్తు పెంచుతానని బాపు చెవిలో చెబుతుంటే, ఎంత ఎత్తు అని బాపు అడిగాడని, కాక చెయ్యి పైకెత్తి చూపించాడని. మధ్యాహ్నం అమ్మ అన్నం తెచ్చిందని, తిరగేసిన డ్రమ్ము మీద కూర్చుని తిన్నాడని.

"ఏం కూర?"

నాకు గుర్తు లేదు. అమ్మ వైపు చూశాను. గోడకు ఆనుకునే అమ్మ చెప్పింది.

"కాకరకాయ. బెల్లం ఏసి చేసిన."

సత్తవ్వ చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కాకరకాయనా? ఇంట్ల ముట్టేటోడే కాదు."

"రెండుసార్లు ఏయించుకున్నడు" అంది అమ్మ.

చిన్నమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఆ నవ్వు చూసి అమ్మ మొహం కూడా కొంచెం సడలింది. చిన్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, నాకు ఇంకొంచెం దగ్గరగా జరిగి కూర్చుంది.

"ఇంక?" అంది.